ఫల్లీ అత్త కిందికి దిగింది

మోటారుబండి ఆగిన చప్పుడు వినగానే మాలియా బియ్యం చేట పక్కన పెట్టి లేచింది.

వచ్చింది పక్క వీధి కుంథియా పిన్ని. చేతిలో గుడ్డల మూట ఉంది. బడి తెరవడానికి ఇంక రెండు వారాలే ఉందట. పిల్లలిద్దరికీ యూనిఫాం కుట్టించాలట. "మీ అత్త పట్నం నుంచి వచ్చేసిందని విన్నాను. ఏదీ?" అని అడిగింది.

మాలియా క్షణం కూడా ఆలోచించలేదు.

"అత్త ఇప్పుడు కుట్టడం లేదు పిన్నీ. ఇంక కుట్టదు కూడా."

కుంథియా "అయ్యో పాపం" అని నాలుక చప్పరించింది. మూటను మళ్ళీ బండికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

చక్కగా చెప్పి పంపించాననుకుంది మాలియా. అంతలో నెత్తి మీద టక్, టక్, టక్ అని చప్పుడైంది. పై గదిలోంచి అత్త నేల చెక్కల మీద కొడుతోంది.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ మనిషి కంటే ఎత్తైన స్తంభాల మీదే ఉంటాయి. పైన పడుకుంటారు. పగలంతా కింది నీడలోనే గడుపుతారు. వంట, భోజనం, ఊయల, కబుర్లు అన్నీ అక్కడే. ఫల్లీ అత్త కుట్టుమిషను కూడా ఒకప్పుడు అక్కడే ఉండేది.

అత్త బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. సెలవు రోజుల్లో ఊరివాళ్ళకు కుట్టిపెట్టేది. కిందటేడు పనివాళ్ళను తీసుకెళ్ళే లారీ బోల్తా పడి అత్త నడుము విరిగింది. ప్రాణం దక్కింది కానీ కాళ్ళు కదలవు. ఎనిమిది నెలలు పట్నంలో ఉండి, చక్రాల కుర్చీ వాడడం నేర్చుకుని మూడు రోజుల కిందటే తిరిగి వచ్చింది.

ఆమె వచ్చేలోపు మాలియా ఎంత పనిచేసిందని! పై గది కడిగింది. కిటికీ పక్కన పరుపు వేసింది. గోడకు కాగితం పూలు అంటించింది. మిషను కనిపిస్తే అత్త బాధపడుతుందని, నాన్న చేత దాన్ని ధాన్యం కొట్టులోకి మోయించి, పైన గోనెసంచులు కప్పింది. అత్త రాగానే నాన్న ఆమెను వీపున వేసుకుని తొమ్మిది మెట్లూ ఎక్కించాడు. కుర్చీ మాత్రం కిందే ఉండిపోయింది.

మాలియా పైకి వెళ్ళేసరికి అత్త మోచేతుల మీద ఆనుకుని, నేల చెక్కల సందులోంచి కిందికి చూస్తోంది.

"కుంథియాతో ఏం చెప్పావు?"

మాలియా చెప్పింది. ఆమె ముందే అంతా విందని తెలిసినా మళ్ళీ చెప్పింది.

"నా నడుము విరిగింది మాలియా, నోరు కాదు," అంది అత్త. "నన్నడగాల్సిన మాటకు నువ్వెందుకు జవాబిచ్చావు?"

"కాళ్ళతో తొక్కాలి కదా అత్తా మిషను. నువ్వు బాధపడతావని..."

"నేను బాధపడుతున్నానా? ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. గది కావాలా అని అడగలేదు, పూలు కావాలా అని అడగలేదు. మాలియాకు కళ్ళు చెమర్చాయి. అత్త కోప్పడి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

అత్త ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుంది. తన మిషను కరెంటుదేననీ, తొక్కుడు పెడల్‌ను బల్ల మీదికి తెచ్చి మోచేత్తో నొక్కితే చాలనీ చెప్పింది. పట్నంలో రెండు నెలలు అలాగే కుట్టిందట. "పైన కూర్చుని పూలు చూస్తుంటే ఏం తోస్తుంది? అందరూ కిందే ఉంటారు. నవ్వులు వినిపిస్తాయి, ఎందుకు నవ్వుతున్నారో తెలీదు."

అప్పుడు మాలియా మిషను ఎక్కడుందో చెప్పింది. అత్త "ఎలుకలు బెల్టు కొరక్కపోతే నీ అదృష్టం," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మాలియా మెట్లు దిగి, ఎక్కడా ఆగకుండా, పక్క వీధికి పరుగెత్తింది. కుంథియా పిన్ని అప్పుడే వేరే దర్జీ దగ్గరికి బయల్దేరుతోంది. తను చెప్పింది తప్పని, అత్త సంగతి అత్తనే అడగమని మాలియా ఆయాసపడుతూనే చెప్పింది. అలా ఒప్పుకోవడం ఆమెకు సిగ్గుగానే ఉంది. అయినా మూట ఆగింది.

సాయంత్రం నాన్న పని నుంచి వచ్చాడు. ఆయన వడ్రంగి. అత్త ఏం కావాలో ఒక్కొక్కటీ చెబుతుంటే మాలియా పాత నోటుబుక్కులో రాసుకుంది. మంచం ఇంటి కిందే ఉండాలి, కుర్చీ ఎత్తుకు సమానంగా. అప్పుడు ఎవరూ ఎత్తనక్కర్లేదు, తనే జరుగుతుంది. వానాకాలం బురదలో చక్రాలు దిగబడకుండా వాకిట్లో సిమెంటు బాట పోయాలి. మిషను బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టి కుర్చీ దూరేంత ఎత్తు చేయాలి.

"పైన గాలి బాగా వస్తుంది కదమ్మా," అన్నాడు నాన్న.

"నువ్వే పడుకో అన్నా పైన. నాకు మనుషులు కావాలి."

మర్నాడు నాన్న పనికి సెలవు పెట్టాడు. ముందుగా అత్తను వీపున కిందికి దించి కుర్చీలో కూర్చోబెట్టాడు.

వారం పట్టింది. మిషను బెల్టును ఎలుకలు నిజంగానే కొరికాయి, కొత్తది వేయాల్సి వచ్చింది. పెడల్‌ను బల్లకు కట్టిన మొదటి రోజు అత్త కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మూడో రోజుకు తిన్నగా వచ్చింది. కుంథియా పిల్లల తెల్ల చొక్కాలు ఇంటి కింద తాడు మీద వేలాడాయి. అది చూసి ఇంకో ఇద్దరు గుడ్డలు తెచ్చారు.

చివరికి మిగిలింది మరుగుదొడ్డి. నాన్న గడప పగలగొట్టి తలుపు వెడల్పు చేశాడు. అత్త పట్టుకుని కుర్చీలోంచి జరగడానికి గోడకు ఇనుప కడ్డీ బిగించాలి. ఆయన కడ్డీని గోడకు ఆనించి, "మాలియా, ఈ ఎత్తు సరిపోతుందా?" అని అడిగాడు.

చూడగానే సరిగ్గా ఉందనిపించింది. తన నడుము ఎత్తుంది. ఊఁ అనబోయింది. నోరు మూసుకుంది.

"నాకేం తెలుసు నాన్నా. ఉండు, అత్తను పిలుస్తాను."

అత్త కుర్చీ తోసుకుంటూ వచ్చింది. గోడ పక్కన ఆగి చేయి చాచింది. కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపింది. ఒకచోట అరచేయి నిలిపింది. మాలియా అనుకున్న దానికి జానెడు కిందికి. మాలియా వంగి, అత్త చేతి కింద పెన్సిలుతో గీత గీసింది.

నాన్న కడ్డీ బిగించాక అత్త దాన్ని పట్టుకుని గట్టిగా లాగి చూసింది. కదల్లేదు. ఇంకోసారి లాగింది.

"బాగుంది. ఇంక మీరిద్దరూ బయటికి నడవండి."

ఇద్దరూ బయటికి వచ్చారు. లోపల్నుంచి గడియ పడింది. లారీ బోల్తా పడ్డాక అత్త తన చేత్తో వేసుకున్న మొదటి గడియ అది.