ఎడమ చేతి బటన్

“సంతకం ఎక్కడ పెట్టాలి మేడమ్?”

కొత్తగా వచ్చిన సేఫ్టీ మేడమ్ అప్పటికింకా లాప్‌టాప్ అయినా తెరవలేదు. గిన్నెల మూతలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ట్రైనింగ్ అంటే రిజిస్టర్లో సంతకం పెట్టి, ఫ్యాను కింద ఓ కునుకు తీసి వెళ్ళడమే. అడిగినవాడు రేకును మూతగా నొక్కే మూడో నంబర్ ప్రెస్ ఆపరేటర్. రోజంతా నోరు విప్పడు, విప్పితే ఇలాంటి మాటే అంటాడు. అందుకే అందరూ అతన్ని ‘మూగనోము’ అంటారు.

ఆమె కోప్పడలేదు. తెరవబోయిన లాప్‌టాప్ పక్కన పెట్టేసింది.

“ఇవాళ పాఠం నేను చెప్పను. మీరే చెప్పండి. మీ మెషిన్ మీద నాకు పని నేర్పండి.”

“నేనా?”

“సంతకానికి తొందరపడ్డారుగా. గురువుగారి సంతకమే పెడుదురుగాని.”

వెనక బెంచీలో పెద్దమేస్త్రి పకపకా నవ్వాడు. “ఇరుక్కున్నావురా మూగనోమూ.”

అందరూ మూడో నంబర్ ప్రెస్ చుట్టూ చేరారు. “రెండు బటన్లూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది మేడమ్. చెయ్యి కింద పడి నలగకుండా ఆ ఏర్పాటు,” అన్నాడతను.

ఎడమ బటన్ బాగా ఎత్తున ఉంది. ఆమె మునివేళ్ళ మీద లేచి నొక్కింది. ఇరవై మూతలయ్యేసరికి భుజం పట్టుకుంది.

“రోజుకి ఎన్ని చేస్తారు?”

“పద్దెనిమిది వందలు.”

“ఇంత ఎత్తు బటన్‌తోనా?”



“అలవాటైపోయింది మేడమ్,” అని అతను చొక్కా జేబు తడుముకున్నాడు.

జేబులో ఉన్నది బొటనవేలంత చెక్కముక్క. దాన్ని దూరిస్తే ఎడమ బటన్ నొక్కినట్టే ఉండిపోతుంది, చెయ్యి ఖాళీ అవుతుంది. మూతను బయటికి తీయడానికి ఆ చెయ్యి ప్రెస్ కిందికే వెళుతుంది. పనిలో చేరిన రోజు పెద్దమేస్త్రి స్వయంగా చెక్కి ఇచ్చాడు. అందరి దగ్గరా అలాంటిదొకటి ఉంది. అంతకుముందున్న ఆఫీసరు ఒకడి దగ్గర ఆ ముక్క పట్టుకుని, ఉన్నపళంగా ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేశాడు. బటన్ మాత్రం ఉన్నచోటే ఉంది.

సాయంత్రం వాన పట్టుకుంది. గేటు దగ్గర తడుస్తున్న అతని నెత్తిమీదికి ఒక గొడుగు వచ్చింది.

“రండి గురువుగారూ, బస్‌స్టాప్ దాకా.”

అతను సగం లోపల, సగం బయట నడిచాడు.

“ఇంకాస్త లోపలికి రండి. నాకు దూరంగా ఉండమని ఏ రూల్ బుక్‌లోనూ లేదు.” కొంచెం ఆగి, మామూలుగానే అంది. “ఆ ఎడమ బటన్ అంచు అరిగి మెరుస్తోంది. వేళ్ళు అలా అరగదీయవు.”

అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. “అప్పుడే తెలిసిందా? మరి పట్టుకోలేదేం?”

“పట్టుకుంటే ముక్క దొరుకుతుంది. రేపటికి ఇంకోటి చెక్కుకుంటారు. ఎందుకు పెడుతున్నారో మీరు చెబితే కదా నాకు తెలిసేది.”

“చెబితే నా ఉద్యోగం?”

“చెప్పినవాళ్ళని ఏమీ అనకూడదని మేనేజర్‌గారి చేత రాయించుకున్నాను. రేపు బోర్డు మీద అంటిస్తా. ఆ మాట తప్పితే ముందు నేనే మానేస్తా.”

ఇంటికి రాగానే అమ్మ ఎప్పటిలాగే పెద్ద గ్లాసుతో నీళ్ళిచ్చింది. రెండు చేతులా పట్టుకుంటే తప్ప ఆగని గ్లాసు. ఎప్పటిలాగే ఆమె చూపు ముందు అతని చేతుల మీద వాలి, తర్వాత ముఖానికి వచ్చింది. ఇన్నేళ్ళలో అతను అది గమనించడం అదే మొదలు.

“ఏం చూస్తున్నావమ్మా అలా?”

“పదీ ఉన్నాయా అని,” అంటూ గోడమీది దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున బోర్డు మీద కాగితం ఉంది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత అందరి ముందూ చెక్కముక్క తీసి బల్లమీద పెట్టాడు.

“ఇది తప్పని తెలుసు మేడమ్. కానీ ఆ బటన్ నా భుజం కన్నా ఎత్తు. మధ్యాహ్నానికి చెయ్యి లేవదు. అందుకని పెడుతున్నా.”

పెద్దమేస్త్రి మెల్లిగా లేచి తన ముక్క దాని పక్కన పెట్టాడు. “నేర్పినవాణ్ణి నేను. వాణ్ణొక్కణ్ణే నిలబెట్టడం బాగోదు.” ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. పదకొండు ముక్కలు పోగయ్యాయి. ఒకటి చెప్పు తెగ్గోసి చేసింది.

గుమ్మంలో నిలబడ్డ మేనేజర్ తల గోక్కున్నాడు. “నేను ఆపరేటర్‌గా ఉన్నప్పుడు మడిచిన అట్ట పెట్టేవాణ్ణి.”

నవ్వులతో షెడ్డు దద్దరిల్లింది.

ఎవరి మోచేతి ఎత్తు వాళ్ళే తమ ప్రెస్ మీద సుద్దముక్కతో గీసుకున్నారు. పది రోజుల్లో బటన్లు కిందికి దిగాయి. పెద్దమేస్త్రి సలహా మీద, మూతను బయటికి నెట్టడానికి ఒక గాలిగొట్టం వచ్చింది. కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇప్పుడు ఆపరేటర్లే ఇస్తున్నారు. వెనక బెంచీలో కూర్చుని రాసుకునేది మేడమ్.

మూడు నెలల తర్వాత, మళ్ళీ ఆ గొడుగు కిందే అతనన్నాడు.

“అమ్మ మిమ్మల్ని ఒకసారి చూడాలంటోంది.”

“ఎవర్ని, సేఫ్టీ ఆఫీసర్నా?”

“అమ్మకైతే సేఫ్టీ ఆఫీసర్నే. నాకైతే... కోడలిగా చూపించాలని ఉంది.”

ఆమె గొడుగు పక్కకి ఒరిగింది. ఇద్దరూ తడిశారు.

“మూగనోము ఇవాళ వదిలినట్టుందే. మీ అమ్మగారిని చూశాక చెబుతా.”

ఆదివారం వచ్చింది. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

“వీడి చేతులు కాపాడమని రోజూ దేవుణ్ణి అడిగేదాన్నమ్మా. వింటున్నాడా అని ఒక్కోసారి అనుమానం కూడా వచ్చేది. తప్పేమో మరి. మనిషిని పంపి వింటాడనుకోలేదు.”

“నేనేం చెయ్యలేదు అత్తయ్యా. అడిగానంతే. ధైర్యంగా చెప్పింది మీ అబ్బాయే.”

అత్తయ్యా అన్న పిలుపుకి అతని చేతిలో గ్లాసు ఒలికింది. చేతులు తడిసి, చొక్కా తడిసింది.

అమ్మ ఇటు తిరిగింది. మొదటిసారిగా అతని చేతులకేసి చూడలేదు. నేరుగా ముఖంలోకే చూసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.