పాముకాటు మందు ఆరు సీసాలు

అది 1979 కార్తీకమాసం. అమలాపురంలోని డిటెక్టివ్ మాణిక్యాలరావు గదిలోకి ఒక మనిషి వచ్చాడు. పేరు నతానియేలు. ఉప్పలగుప్తం అవతల ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు.

"పాముకాటు మందు నేనే అమ్ముకున్నానంటున్నారండి మా డాక్టరుగారు. రేపు పోలీసులకి అప్పజెప్తారంట."

గురువారం భూలక్ష్మి అనే కూలీ మనిషిని పాము కరిచింది. ఫ్రిజ్ తెరిస్తే ఆరు సీసాలూ లేవు. కాకినాడ తీసుకెళ్తుంటే ఎదుర్లంక రేవులో గోదావరి దాటకముందే ఆమె ప్రాణం పోయింది.

"తాళం ఎవరెవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరొకటి, నర్సు దీనమ్మగారి దగ్గరొకటండి. ఆవిడ ఆ రోజు ప్రార్థన కూటాలకని రాజోలు వెళ్ళేరు."

"కుక్కకాటు మందు ఉందా?"

"ఆయ్, అది ముట్టుకోలేదండి."

కొబ్బరి వ్యాపారం మానేసి ఈ పనిలోకి దిగిన మాణిక్యాలరావు అంతకుమించి అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనా, సహాయకుడు కృపానందమూ ఆ ఊరు వెళ్ళారు. దీనమ్మ ఒంటరి మనిషి. భర్త నిరుడు కోతల్లో పాము కరిచి పోయాడు. ఆమె గుమ్మంలో చేపలవాడు ఊక కప్పిన ఐసుగడ్డ దించుతున్నాడు.

"రోజూ వేస్తావా?" అడిగాడు కృపానందం.

"పదిరోజులుగా అండి. చేపలు మాత్రం కొనరు."

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి వసారాలో అందరూ కూర్చున్నారు. భూలక్ష్మి భర్త చిన్నబ్బాయి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్ముకునేవాడు కుక్కకాటు మందు వదలడు. సరుకు ఆ పూటే వదిలించుకుంటాడు," అన్నాడు మాణిక్యాలరావు. "రోజూ ఐసు కొని చల్లగా కాపాడేది అమ్మేవాళ్ళు కాదు, దాచేవాళ్ళు. సీసాలు తెండి, దీనమ్మగారూ."

ఆమె ఊక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఉచితం కదాని నీళ్ళపాము కరిచినా సూది వేయమంటారండి పెద్ద రైతులు. కోతలొచ్చేసరికి ఖాళీ. మా ఆయన అలాగే పోయేరు. ఈసారి కూలీలకి ఉంచుదామనుకున్నాను. ఆ రోజు నేనుంటే ఇచ్చేదాన్నండి. తిరిగొచ్చేక చెప్పడానికి భయమేసింది."

డాక్టరు కనకరత్నం తల వంచుకున్నారు. "ఈ మందు ఏడాదికి రెండుసార్లే పంపుతారు. అడిగినవాళ్ళని కాదనలేకపోయాను."

"అందరికీ చాలనప్పుడు ఎవరికి లేదనాలో నలుగురి ముందూ తేల్చాలండి," అన్నాడు మాణిక్యాలరావు. "మీరు మొహమాటంతో తేల్చారు, ఈవిడ చాటుగా తేల్చింది. రెండింటికీ ఖరీదు ప్రాణమే."

నతానియేలు కళ్ళు తుడుచుకున్నాడు.

"కేసు మాటేమిటి, చిన్నబ్బాయీ?" అడిగారు డాక్టరు.

"అది మీ ఇష్టమండి. ముందు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎల్లుండి నుంచి మావోళ్ళు కోతకి దిగుతున్నారు."