నీళ్ళ కూర

ఉదయం ఆరున్నరకు హాజిరా బీ గొంతు లేచిందంటే బయ్యారంలోని ఆ వీధిలో ఎవరూ గడియారం చూసుకోరు. నలభై ఏళ్ళుగా ఆమె తన ఇంటి వసారాలో చాప పరిచి, పిల్లలకు ఖురాన్ చదవడం, నమాజ్ చేయడం, దీన్ అనే మతధర్మపు మాటలు నేర్పుతోంది. ఫీజు లేదు, సెలవు లేదు, నవ్వు అసలే లేదు. పక్కన ఒక బెత్తం ఉంటుంది. దాంతో ఆమె ఎవరినైనా కొట్టగా చూసినవాళ్ళు లేరు, దాన్ని చూసి ఏడవని పిల్లలూ లేరు.

అయితే ఈ మధ్య ఇరవై మంది పిల్లలు ఎనిమిది మందికి దిగారు. ఒకడికి కడుపునొప్పి, ఇంకొకతికి ట్యూషన్, మిగతావాళ్ళకు ఫోను. మహబూబాబాద్‌లో డిగ్రీ పూర్తి చేసి ఇంటికొచ్చిన పెద్ద మనవరాలు నజియా ఆ పొద్దున ఇక ఊరుకోలేకపోయింది.

"దాదీ, పిల్లలు అన్నీ అప్పజెప్తున్నరు గని ఒక్కటి సమజైతలేదు వాళ్ళకు. జర ఆటలతోని చెప్పి చూద్దాం."

"దీన్ అంటే ఆటలానే? మీ అబ్బా గీ చాప మీదనే నేర్చుకున్నడు. ఏం పాడైండు?"

ఆ అబ్బా, అంటే హాజిరా బీ కొడుకు అబ్బాస్, వెల్డింగ్ షాపుకు పోదామని అప్పుడే చెప్పులేసుకుంటున్నాడు. తల్లి వైపు మాట్లాడితే కూతురు మూడు రోజులు టీ పెట్టదు. కూతురు వైపు మాట్లాడితే తల్లి మూడు రోజులు తిండి తినదు. "నాకు లేటైతుంది," అని ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని బయటపడ్డాడు.

చివరికి హాజిరా బీ తలూపింది గానీ, షరతు పెట్టింది. "వారం దినాలు నీ ఇష్టం. ఒక్క ఇంటి నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందా, మళ్ళ నా చాప, నా బెత్తం. నువ్వు గీ వసారాల కాలు పెట్టొద్దు."

నజియా సరేనంది. ఆ పిల్లకు పాఠం చెప్పడమంటే ప్రాణం. అది పోతే తను ఇంట్లో ఏం చేయాలో కూడా తెలియదు.

వారం బ్రహ్మాండంగా మొదలైంది. నమాజ్‌కు ముందు ముఖం, కాళ్ళు చేతులు కడుక్కునే వజూను తక్కువ నీళ్ళతో సరిగ్గా చేసేదెవరని పందెం పెట్టింది. చెంబెడు నీళ్ళతో మొదలై, గ్లాసెడు దాకా వచ్చింది పోటీ. చదువు పేరెత్తితే మంచం కింద దూరే ఏడేళ్ళ మాజిద్, ఆరింటికే చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడుతున్నాడు. ఎనిమిది మంది కాస్తా పదమూడు మందయ్యారు. లోపల తస్బీ తిప్పుకుంటున్న హాజిరా బీకి పిల్లల నవ్వులు వినబడ్డప్పుడల్లా పూసలు లెక్క తప్పుతున్నాయి.

శనివారం పాఠం పొరుగువాళ్ళ హక్కు. కూర వండితే ఇన్ని నీళ్ళు ఎక్కువ పోసి పొరుగింటికీ కాస్త పంపమని ప్రవక్త చెప్పిన మాటను నజియా కథలా చెప్పింది.

"గిది బట్టీ పట్టొద్దు. రేపు ఇంట్ల చేసి చూసి, ఎల్లుండి ఏమైందో నాకు చెప్పాలె."

నజియా చెల్లెలు ఫిజా తొమ్మిదేళ్ళది, అనుమానాల పుట్ట. "ఆపా, పొరుగోళ్ళు ఇద్దరుంటే ఎవరికియ్యాలె?"

"ఎవరి తలుపు మనకు దగ్గరుంటే వాళ్ళకు. గది గూడ ప్రవక్త చెప్పిందే."

అన్నీ చెప్పింది గానీ, 'అమ్మను అడిగి చేయండి' అన్న ఒక్క ముక్క మరిచిపోయింది. చదువుకున్నవాళ్ళు మరిచిపోయేవి ఇలాంటివే.

మర్నాడు ఆదివారం. బయ్యారంలో ఆదివారం ఎవరింట్లోనైనా పొయ్యి మీద ముక్క ఉడకాల్సిందే. మధ్యాహ్నం ఒంటిగంటకు వసారా ముందు నలుగురు తల్లులు గిన్నెలతో నిలబడ్డారు. గిన్నెల్లో ఉన్నది కూరో, గిన్నె కడిగిన నీళ్ళో చెప్పడం కష్టంగా ఉంది.

"నజియా! ఏం నేర్పినవమ్మా మా పిల్లలకు? నేనిట్ల తిరిగిన్నో లేదో, చెంబెడు నీళ్ళు గుమ్మరించింది మా పిల్ల!"

"మా వాడైతే బిందె ఎత్తిండు! ఏందిరా అంటే, వీధంతా పొరుగే గదా అంటున్నడు!"

వెనకాలే మాజిద్ చెవి పట్టుకుని వాళ్ళ నాన్న కైసర్ వచ్చాడు. "మీయన్నీ నయం. మా బామ్మర్ది చిట్యాల నుంచి మొదటిసారి వచ్చిండని బిర్యానీ చేసినం. వీడు దాంట్ల పోసిండు నీళ్ళు! మూత తీస్తే జావ. మా బామ్మర్ది చెంచా అడిగిండు!"

"కూర లేకుండె దాదీ," అన్నాడు మాజిద్ ఏడుస్తూ. "అందుకే బిర్యానీల పోసిన."

హాజిరా బీ ముఖం ఈద్ చంద్రుణ్ణి చూసినట్టు వెలిగింది. ఒక్క ఫిర్యాదు చాలనుకుంటే ఐదొచ్చాయి. లోపలికి పోయి బెత్తం తెచ్చుకుని, చాప మీద సర్దుకుని కూర్చుంది.

"చూసినవా బిడ్డా? ఆటలు ఆడిపిస్తే గిట్లనే ఉంటది. రేపటి సంది క్లాసు నాది."

నజియా కళ్ళ నిండా నీళ్ళు. "నాదే తప్పు," అని తలుపు వైపు తిరిగింది. భోజనానికి వచ్చిన అబ్బాస్ బిడ్డను అలా చూసి, చెప్పులు విప్పడం మరిచి వాకిట్లోనే ఆగిపోయాడు.

అప్పుడు ఫిజా మెల్లగా అంది. "దాదీ, మనింట్ల గూడ పోసిన. ఆపా చెప్పినట్టే ఒక గిన్నె ఇచ్చొచ్చిన."

"ఎవరికిచ్చినవే?"

"అడుగులు కొలిచిన. కైసర్ చాచా తలుపు పద్నాలుగు అడుగులు. మంగమ్మ అవ్వ తలుపు ఆరే."

తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగమ్మతో ఆ ఇంటికి ఎనిమిది నెలలుగా మాటల్లేవు. సద్దుల బతుకమ్మ నాడు, ఆమె తెల్లారకముందే పోయి కోసుకొచ్చిన తంగేడు పూలు, బంతి పూలు హాజిరా బీ మేక ఒక్కటి మిగల్చకుండా తినేసింది. మంగమ్మ ఊరుకుందా? "మేకకు బుద్ధి నేర్పుడు రానామె పిల్లలకేం నేర్పుతది!" అని వీధంతా వినేలా అంది. ఆ మాట హాజిరా బీకి ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి ఆ తలుపు వైపు చూస్తే ఒట్టు.

"ఎవరినడిగి ఇచ్చినవే దానికి?" అని హాజిరా బీ లేవబోయింది.

"నువ్వే గద దాదీ చెప్పింది," అంది ఫిజా బిత్తరపోయి. "పోయినేడు నాతోని వందసార్లు అప్పజెప్పించినవ్. దగ్గరి తలుపు, దగ్గరి తలుపు అని. నిన్న ఆపా చెప్తే సమజైంది."

హాజిరా బీ లేచింది లేచినట్టే ఆగిపోయింది. ఇంతలో ఆరడుగుల దూరంలోని ఆ తలుపు తెరుచుకుంది. మంగమ్మ కొంగు కింద గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుంటూ వచ్చింది. అందరూ ఇక యుద్ధమే అనుకున్నారు. కైసర్ మాజిద్ చెవి వదిలేసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"హాజిరక్కా," అంది మంగమ్మ. "ఏం కూరనే అది! ఈత గొట్టి వెతికినా ముక్క దొరకలే." ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "అయినా మొత్తం తాగిన. ఎనిమిది నెలలకు నీ గిన్నె మా ఇంటికొచ్చింది. నువ్వే పంపినవనుకుంటే నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఉత్త గిన్నె ఎట్లియ్యాలె? మామిడికాయ తొక్కు తెచ్చిన."

అవునంటే అయిపోయేది. పరువూ దక్కేది. హాజిరా బీ నోరు తెరిచి, ఫిజా ముఖం చూసి, మళ్ళీ మూసుకుంది. పిల్లలందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి.

"నేను పంపలే మంగమ్మా," అంది చివరికి. "అబద్ధం ఆడను. గీ పిల్ల పంపింది. నలభై ఏండ్ల సంది పొరుగోళ్ళ హక్కు అని ఊరి పిల్లలకు చెప్తున్న. నాకే రాలే. నీ పూలు నా మేక తిన్ననాడే నీ గడపకు రావాల్సి ఉండె. మాఫ్ చేయి."

మంగమ్మ గబగబా వచ్చి చాప మీద కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

"నేను మాత్రం తక్కువన్ననా అక్కా? నోరు కాదు నాది, మురికి మోరి. నా ఇద్దరు కొడుకుల దోస్తులు నీ దగ్గర చదువుకున్నోళ్ళే. ఒక్కడన్న చెడిపోయిండా?"

ఇద్దరూ కొంగులతో కళ్ళొత్తుకున్నారు. అది చూసి నలుగురు తల్లులూ ఒత్తుకున్నారు. అబ్బాస్ ఏదో కంట్లో పడ్డట్టు పక్కకు తిరిగాడు. మంగమ్మ తొక్కు తలా కాస్త వేస్తే, నీళ్ళ కూర కూడా అందరికీ గొంతు దిగింది. కైసర్ బామ్మర్దిని కూడా పిలుచుకొచ్చాడు, చెంచాతో సహా.

సోమవారం పొద్దున ఆరున్నరకు పదమూడు మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు. క్లాసు ఇక దాదీదేనని నజియా తలుపు వెనకే ఉండిపోయింది. హాజిరా బీ గొంతు సవరించుకుంది.

"ఇయ్యాల నేను చేసిన ఒక తప్పు చెప్తా, వినుండ్రి," అని మొదలుపెట్టి మేక సంగతి, పూల సంగతి, ఎనిమిది నెలల పంతం సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. నలభై ఏళ్ళలో ఆ చాప మీద అలాంటి పాఠం ఎవరూ వినలేదు. పిల్లలు కదలకుండా విన్నారు.

అయిపోయాక మాజిద్ చేయి ఎత్తాడు. "దాదీ, నువ్వు మాఫీ అడిగినవ్. మరి మేక?"

హాజిరా బీ ముందు కళ్ళెర్రజేసింది. తర్వాత పెదవులు బిగబట్టింది. ఆ తర్వాత ఇక ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వింది. దాదీకి నవ్వడం వచ్చని ఆ రోజే తెలిసిన పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

నవ్వు ఆగాక ఆమె తలుపు వైపు తిరిగి చాప మీద కాస్త జరిగింది.

"గాడ నిలబడి ఏడుస్తవేందే నజియా? రా, నా పక్కన కూసో. రేపటి పాఠం ఎట్ల చెప్పాల్నో నాకు జర నేర్పు."