టవర్ మీద పిన్ని

టవర్ ఎక్కాల్సిన డిపార్ట్‌మెంట్ మెకానిక్‌ను ఉదయమే ఎవరో కాల్చి చంపారు. మిషన్ వదిలేసి వచ్చేయమని చీఫ్ ఫోన్లో ఆర్డర్ వేశాడు.

"ఆనకట్ట కింది ఊళ్లను కూడా వదిలేయమంటారా సార్?" అని ఏజెంట్ డేగ ఫోన్ పెట్టేశాడు.

విదేశీ ముఠా మనిషి ఒకడు ఆనకట్టకు బాంబు అమర్చి, పక్క కొండల్లో రేడియోతో నక్కాడు. మధ్యాహ్నం "వాన వచ్చింది" అన్న కోడ్‌వర్డ్ వినగానే మీట నొక్కుతాడు. అప్పటికి వినపడకపోతే వెనుదిరగాలి. వాడు కొండల్లో ఎక్కడున్నాడో తెలియలేదు, ఫ్రీక్వెన్సీ మాత్రం తెలిసింది. అదే ఫ్రీక్వెన్సీలో అటువైపు ఇంకా బలంగా మాట్లాడితే కోడ్‌వర్డ్ మునిగిపోతుంది. అందుకు ఏ దిక్కుకైనా తిరిగే యాంటెన్నా కావాలి.

డేగ పిన్నికి ఇంటి నుంచే లోకమంతటితో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి. ఆమె మేడ మీదే టవర్ ఉంది. కేబుల్ టీవీ వాడి వేషంలో వచ్చిన డేగ కథంతా చెబితే, ఆమె కొంగు దోపి, నడుముకు బెల్టు బిగించి తానే ఎక్కింది. మోటారు బిగించింది, గొట్టం నిలబెట్టింది, యాంటెన్నా తగిలించింది. హెడ్‌క్వార్టర్స్ మెకానిక్‌తోపాటే పంపిన నిపుణురాలు కింద దిక్సూచి పట్టుకుని ఉత్తరం చూపించింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్. కోడ్‌నేమ్ నెమలి.

డేగ టవర్ పక్కన రేకుల గదిలో సెట్ ఆన్ చేశాడు. ఆ ఉత్తరాన్ని బట్టి యాంటెన్నా దిక్కు చెప్పే డయల్ ముల్లు ఆనకట్టను చూపిస్తోంది. కానీ ఆనకట్ట సిబ్బంది వైర్‌లెస్ మాటలు నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. ముల్లును సముద్రం వైపు తిప్పగానే అవే మాటలు ఖంగుమన్నాయి.

అంటే నెమలి చూపిన ఉత్తరమే అబద్ధం.

అతను తల తిప్పేసరికి నెమలి చేతిలో పిస్తోలు ఉంది. "మెకానిక్ కూడా నీలాగే తెలివైనవాడు," అంది.

డేగ ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. సెట్‌కు గురిపెట్టిన గుండు మోటారు తిప్పే పెట్టెను పగలగొట్టింది. పిస్తోలు గుమ్మంలోంచి జారి మేడ కిందికి పడిపోయింది.

"ఇక అది తిరగదు," అని నవ్వింది నెమలి.

పైనుంచి పిన్ని గొంతు వినిపించింది. "నేను తిప్పుతాను. ఆనకట్ట నా కళ్లెదుటే ఉంటే దిక్సూచి ఎవడిక్కావాలి? నువ్వు మాట్లాడరా!"

ఆమె నట్లు వదులు చేసి, గొట్టాన్ని రెండు చేతులా కావలించుకుని తిప్పింది. టవర్ ఊగింది. చేతులు కోసుకుపోయినా పట్టు వదల్లేదు.

స్పీకర్లో "వాన..." అన్న మాట మొదలైంది. డేగ ఒక చేత్తో నెమలిని గోడకు అదిమిపెట్టి, రెండో చేత్తో మైకు నొక్కాడు. ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు అందుకున్నాడు. గొంతు బొంగురుపోయేదాకా ఆపలేదు.

గడువు దాటింది. ఖాళీ చేతులతో కొండ దిగుతున్న మనిషినీ, మేడ మీద నెమలినీ పోలీసులు పట్టుకున్నారు. బాంబు ఎక్కడుందో వాడే చూపించాడు.

మళ్లీ చీఫ్ ఫోన్. ఎవరి పర్మిషన్‌తో చేశావని అడుగుతున్నాడని డేగ పిన్నికి చెప్పాడు.

టవర్ దిగుతూ ఆమె అంది: "నాకు లైసెన్సుంది. లేనిది నీకే. పైగా పదమూడో ఎక్కం తప్పు చెప్పావు, ముఠా వాళ్లంతా విన్నారు."