పగటిపూట చెప్పిన కథ

జహీరాబాద్‌లో రైలు గేటు దాటి కుడివైపు తిరిగితే, మోటారు సామాన్ల దుకాణాల వెనక ఒక చిన్న గ్రంథాలయం ఉంది. పొద్దున పేపరు చదివే పెద్దమనుషులది. శనివారం మధ్యాహ్నం మాత్రం పిల్లలది. పైసా ఇవ్వక్కర్లేదు. చెప్పులు గడప బయట విడిచి, చాప మీద కూర్చుంటే చాలు. ఒక వారం మ్యాజిక్కు, ఒక వారం క్యారమ్, ఒక వారం గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా. పోయేటప్పుడు తలా ఒక బిస్కెట్ పొట్లం.

ఇదంతా నడిపేది అలీమా. సన్నటి మనిషి, నిండు గొంతు. నమాజు తప్పదు, నవ్వు తప్పదు. ఆమె భర్త ముఖ్తార్ న్యాల్‌కల్ వైపు ఊళ్లలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. శనివారం పని ముగించుకొని బండి మీద నేరుగా ఇక్కడికే వస్తాడు. పిల్లల వెనక చాప మీద చతికిలబడి మిగిలిన సినిమా చూస్తాడు. అడిగి మరీ బిస్కెట్ పొట్లం తీసుకుంటాడు. తర్వాత ఇద్దరూ ఇంటికి పోతారు. పైవాడు వాళ్లకు పిల్లల్ని ఇవ్వలేదు గానీ, శనివారం నాడు ఆ లోటు వాళ్లకు గుర్తుండేది కాదు.

ముసురు పట్టిన ఒక శనివారం, సినిమా మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. పిల్లలు గోల. మనవరాలిని తీసుకొచ్చి, మూలన పేపరు చదువుతున్న జగన్‌మోహన్ సారు కళ్లద్దాలు తీశాడు.

"మేడం, ఈ కోతుల మందను జర చూడండి. బీరువాలు ఎక్కుతున్నరు. ఒక కత అన్న చెప్పరాదు?"

"కతలు మా అత్తమ్మ చెప్తది సార్. నాకేడ వస్తయి."

"ఆమె చెప్పిందే చెప్పు బిడ్డా. ఆమె వచ్చి అడుగుతదా ఏంది?"

అలీమా ఒక్క క్షణం తటపటాయించింది. ఎందుకంటే అత్త బషీరా, దీపం పెట్టాక తప్ప కథ ఎత్తేది కాదు. "దినంల కత చెప్పొద్దు బేటీ. దారిల ఉన్నోళ్లు తొవ్వ మర్చిపోతరు" అనేది. అలీమా నవ్వేది. "పగలు కతలు వింటూ కూసుంటే రొట్టెలు ఎవరు చేస్తరని మీ అత్తగారు పెట్టిన రూలు అమ్మీ అది." బషీరా కూడా నవ్వేది. కళ్లలో పొరలు కమ్మి మనుషులు మసకగా కనిపించే ఆ ముసలామెకు, కోడలి నవ్వు వినడమే ఇష్టం. అట్లా ఆ మాట ఇంట్లో ఒక హాస్యంగానే మిగిలిపోయింది.

"సరే. కానీ నేను చెప్తుంటే మీరు ఊ కొట్టాలె. ఊ ఆగితే కత ఆగుతది" అంది అలీమా.

పిల్లలు చాప మీద సర్దుకున్నారు. అందరికంటే ముందు జగన్‌మోహన్ సారు మనవరాలు దీక్షిత. దాని ఊ గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిది.

"ఒక ఊళ్లె ఒక గాజులాయన ఉండె."

"ఊ..."

"భుజం మీద గాజుల మలారం వేసుకొని ఊరూరు తిరిగేది. ఒకరోజు గాజులన్నీ అమ్ముడుపోయినయి. బిడ్డ కోసం చిన్న గాజులు నాలుగు మాత్రం దాచుకొని ఇంటి తొవ్వ పట్టిండు. మబ్బు పట్టింది. నిన్నటిదాకా ఒక్కటే ఉన్న తొవ్వ, ఇయ్యాల రెండైంది."

"ఊ..."

"రెండు తొవ్వలు ఒక్క తీరుగనే ఉన్నయి. ఎటు చూసినా అదే బురద, అదే పొయ్యి పొగ వాసన. గాజులాయన అక్కడ్నే నిలబడ్డడు. ఎటు పోవాలె?"

అప్పుడు కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. "సినిమా, సినిమా" అని పిల్లలు లేచారు. దుప్పటి మీద బొమ్మ కదిలింది. గాజులాయన ఆ చీలిక దగ్గరే నిలబడిపోయాడు. ఆయన్ని ఎవరూ తలుచుకోలేదు.

సినిమా అయింది. పిల్లలు పోయారు. ముఖ్తార్ రాలేదు.

వానకు ఎక్కడో చిక్కుకొని ఉంటాడనుకొని, అలీమా చాపలు దులిపింది. కిటికీల్లో వెలుతురు బూడిద రంగుకు తిరిగింది. తడిసిన కాగితాల వాసన. చూరు నుంచి చినుకులు. ఫోను మోగింది.

"అలీమా. జర నవ్వకు. నాకు తొవ్వ దొరుకుతలేదు."

"ఏ తొవ్వ?"

"న్యాల్‌కల్ రోడ్డే. ఎంత పోయినా ఒక్క జాగకే వస్తున్న. ఇక్కడ రోడ్డు రెండు చీలుతుంది."

"ఆ రోడ్డు మీద చీలిక ఏడిది? మీరు రోజూ పోయే రోడ్డే కదా."

"నేను గూడ అదే అంటున్న."

"ఎవరినన్న అడగండి."

"అడిగిన. ఒకాయన నిలబడి ఉన్నడు, భుజం మీద గాజుల మలారం. ఆయన గూడ ఇంటికే పోవాల్నంట. నిన్న ఒక్కటే తొవ్వ ఉండె, ఇయ్యాల రెండైనయి అంటున్నడు."

అలీమా ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ఆ కథ ఆమె ముఖ్తార్‌కు ఎన్నడూ చెప్పలేదు. చిన్నప్పుడు తల్లి ఒళ్లో నిద్రపోయేవాడే తప్ప, అతను ఏ కథా చివరిదాకా విన్నవాడు కాదు.

"ఫోను పెట్టకండి" అంది గుసగుసగా. "నేనొక కత చెప్త. మీరు ఊ కొట్టండి."

"ఇప్పుడు కతేంది..."

"అల్లా మీద ఒట్టు. ఊ కొట్టండి."

బిస్మిల్లా అనుకొని మొదలుపెట్టింది. ఎదుట ఖాళీ చాపలు. చెవి దగ్గర ఫోను.

"గాజులాయన కుడి తొవ్వ పట్టిండు."

"ఊ."

"దూరంగా బొంబాయి రోడ్డు లైట్లు కనబడ్డయి."

"ఊ."

"రైలు గేటు దాటిండు."

"ఊ..."

"గ్రంథాలయం మెట్లెక్కిండు. గడప దగ్గర చెప్పులు విడిచిండు. వెనక చాప మీద కూసున్నడు."

"ఊ."

ఆ ఊ ఫోనులోంచి రాలేదు.

ఫోను ఎప్పుడో ఆగిపోయింది. తెర నల్లగా ఉంది. ఊ వచ్చింది వెనక వరస నుంచి... ఎప్పుడూ ముఖ్తార్ కూర్చునే చోటు నుంచి. అక్కడ ఎవరూ లేరు. చాప మాత్రం, మనిషి బరువుకు అణిగినట్టు కాస్త లోపలికి పోయి ఉంది.

అలీమా గడప దాకా పోయింది. మెట్టు మీద ముఖ్తార్ చెప్పులు. న్యాల్‌కల్ వైపు నల్లమట్టి అంటుకొని, తడిగా ఉన్నాయి. ముట్టుకుంది. ఇప్పుడే విడిచినట్టు వెచ్చగా ఉన్నాయి.

ముఖ్తార్ మాత్రం రాలేదు.

రోడ్డు పక్క ఒక చేను గట్టు మీద అతని బండి దొరికింది. తాళం చెవి దానికే ఉంది. పోలీసులు వెతికారు, చుట్టాలు వెతికారు. బాధ ఉన్నవాళ్లకు ప్రార్థన ఒక్కటే ఆసరా. అలీమా ఐదు పూటలా చేతులు చాచింది. పైవాడు వింటాడు. జవాబు తన ఇష్టమొచ్చినప్పుడే ఇస్తాడు.

శనివారం కార్యక్రమం ఆమె ఆపలేదు. సినిమా తీసేసింది, క్యారమ్ తీసేసింది. దీపాలు పెట్టాక, ఒక్క కథే. వినడానికి పిల్లల ఊ చాలదు ఆమెకు. వాళ్ల సన్నటి గొంతుల వెనక, కాస్త ఆలస్యంగా, ఒక మగ గొంతు ఊ వచ్చేది. అది విన్నప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. పిల్లలు పోయాక మెట్టు మీద ఒక జత చెప్పులు మిగిలేవి. తెల్లారేసరికి ఉండేవి కావు. మళ్లీ శనివారం వచ్చేవి, వారానికింత అరిగి. ఆ కాళ్లు ఎక్కడో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

"గాజులాయన లేచిండు. ఇంటికి పోయిండు" అనేది అలీమా ప్రతిసారీ, చివర్లో.

ఆ మాటకు మాత్రం ఊ వచ్చేది కాదు.

కూర్చోబెట్టింది తనే. లేపడం తన చేత కావడం లేదు.

ఒకనాడు అత్త కాళ్ల దగ్గర కూర్చొని అడిగింది. "తొవ్వ తప్పినోళ్లు మళ్ల ఎట్ల వస్తరు అమ్మీ?"

బషీరా తస్బీహ్ జపమాల పూసలు తిప్పుతూ అంది. "మా అత్త ఒక మాట అనేది. వాళ్లకు తొవ్వ దొర్కాల్నంటే అది ఇంకొకరి కాళ్ల కింద నుంచి గుంజుకోవాల్నంట." పూసలు ఆగాయి. "వద్దు బేటీ. నా కొడుకే గానీ, వద్దు."

చెప్పులు అరుగుతూ వచ్చాయి. ఒక శనివారం మడమ దగ్గర మెట్టు కనిపించేంత చిల్లి పడింది. ఇంకొక్క వారం, అంతే.

ఆ మరుసటి వారం అలీమా మధ్యాహ్నమే తలుపులు తీసింది.

"మంచిగైంది మేడం" అన్నాడు జగన్‌మోహన్ సారు. "చీకట్ల పిల్లల్ని పంపాల్నంటే మాకు ఫికరుండె. మా దీక్షితనైతే రాత్రిపూట గేటు దాటనియ్యలే. ఇయ్యాల వస్తది."

చాపలు నిండాయి. ముందు వరసలో ఒక చోటు ఖాళీ.

"మీ మనవరాలేది సార్?"

"ట్యూషన్ నుంచి బయలెల్లిందంట. తొవ్వల ఉంది. మీరు షురూ చేయండి, అది ఉరుక్కుంట వస్తది."

తొవ్వల ఉంది.

బయట ఎండ కొడుతోంది. ఆగితే ఏం పోతుంది? ఆ పిల్ల వచ్చి కూర్చునేదాకా, కాసేపు. అలీమా నాలుక మీద ఆ మాట ఉంది. పిల్లలు ఆమె మొహమే చూస్తున్నారు. వెనక వరసలో చాప మెల్లగా అణిగింది.

"ఒక ఊళ్లె ఒక గాజులాయన ఉండె" అంది అలీమా.

"ఊ..."

ఆమె గబగబా చెప్పింది. చీలిక. బురద. పొగ వాసన. బొంబాయి రోడ్డు. గేటు. మెట్లు. చాప. ఎక్కడా ఆపలేదు.

"గాజులాయన లేచిండు."

"ఊ" అంది మగ గొంతు. మొదటిసారి.

"ఇంటికి పోయిండు."

"ఊ." అది తలుపు అవతలి నుంచి వచ్చింది.

చాప పైకి లేచింది. పిల్లలు బిస్కెట్ల కోసం ఎగబడ్డారు. ఆ గోలలో, ఎవరూ లేని ఆ వెనక వరసలోంచే, గోడకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా ఇంకొక ఊ వినిపించింది. సన్నటిది. ఆడపిల్లది.

అలీమా అటు తిరగలేదు.

మెట్టు మీద ముఖ్తార్ చెప్పులు లేవు. వాటి చోట గులాబి రంగు చిన్న చెప్పులు. పట్టణంలో ఎక్కడా లేని నల్లమట్టి వాటికి అంటుకొని ఉంది. లోపల జగన్‌మోహన్ సారు ఫోను చెవికి పెట్టుకొని, "ఏడున్నవ్ బిడ్డా... గేటు ఇవతలనేనా అవతలనా? రెండు గేట్లేంది?" అంటున్నాడు. అలీమా ఆ చెప్పుల్ని కాలితో మెట్టు కిందికి నెట్టింది. వెనక్కి చూడకుండా నడిచింది, కొంచెం దూరం పోయాక పరుగెత్తింది.

గుమ్మంలో బషీరా నిలబడి ఉంది. పొరలు కమ్మిన కళ్లలో నీళ్లు.

"వచ్చిండు బేటీ. ఇప్పుడే."

అలీమా గోడ పట్టుకుంది. "ఏమన్నడు?"

"ఏమంటలేడు. లోపల కూసున్నడు. అన్నం తింటవా అంటే ఊ అన్నడు. అలిసిపోయినవా అంటే ఊ అన్నడు." ముసలామె గొంతు తగ్గించింది. "నువ్వు ముఖ్తారేనా బిడ్డా అన్న. దానికి గూడ ఊ అన్నడు."

కిటికీ లేని లోపలి గదిలో దీపం పెట్టలేదు. బురద వాసన, పొయ్యి పొగ వాసన. చీకట్లో ఎవరో, బరువుకు ఒకవైపు భుజం వంగినట్టు కూర్చొని ఉన్నారు.

"బేటీ" అంది బషీరా, ఇంకా మెల్లగా. "మీకు పిల్లలు లేరు గదా. మరి వాడు చిన్నపిల్ల గాజులు ఎందుకు తెచ్చినట్టు?"

గదిలో గాజులు గలగలమన్నాయి.