బొట్టులో మట్టి

సత్యవేణి అన్నింటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే. తన చేతిపని వల్ల తన బిడ్డ పస్తుండాల్సి వస్తుందేమోనని.

ఆ ఉదయం కూడా ఆ భయంతోనే శుద్ధిద్వారంలో నిలబడింది. గాలిగొట్టాలు గోళ్ల సందులు, చెవుల వెనక, జడపాయలు అన్నీ దులిపాయి. లోపల ఉన్నది గోదావరి కాలవల కింద మిగిలిన ఆఖరి తల్లిమడి.

ఎండలకు వరి పోయి ముప్పై ఏళ్లు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా అన్నమంటే పెరటి చెట్టుకు కాసే పిండిపండే. ఆ చెట్లన్నీ ఏకవేరు మీద కట్టిన అంట్లు. ఉప్పునీళ్లు తాగి బతికే వేరు అదొక్కటే. కాకపోతే మూడేళ్లకు అలిసిపోతుంది, కొత్త వేరు జతచేయకపోతే చెట్టు ఎండిపోతుంది. ఆ కొత్త వేళ్లు పుట్టేది ఈ మడిలోనే. తల్లిమొక్కల్ని మొదలంటా కోసి, వచ్చిన పిలకలకు, తెగుళ్లు చచ్చేలా కాల్చిన మట్టి ఎగదోస్తారు. పిలకలకు వేళ్లు దిగాక విడదీసి ఊళ్లకు పంపుతారు.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన సత్యవేణికి ఈ పని నేర్పింది అత్త వరహాలమ్మ. నలభై ఏళ్లు ఆరుబయట మళ్లలో చేసిన మనిషి. కొత్త మడి మొదలెట్టే రోజు పాత మడి మట్టి చిటికెడు కలపకపోతే వేరు పట్టదని ఆవిడ నమ్మకం. ఇప్పుడు బయటి మట్టి లోపలికి రానివ్వరు. అందుకని ఆ పొద్దున దాన్ని పసుపులో కలిపి కోడలి నుదుట దిద్దింది.

"నా చేత్తో పెట్టిన మడి ఒక్కటీ పోలేదే. బొట్టెట్టుకుని ఎల్లు, అదే సూసుకుంటాది."

శుద్ధిద్వారం పెట్టిన కొత్తల్లో అది బొట్టు తుడిచేస్తోందని ఆడవాళ్లు వారం రోజులు పనిలోకి రాలేదు. అప్పటినుంచి నుదుటి జోలికి పోవద్దని దానికి నేర్పారు. ఆ సంగతి సత్యవేణికి తెలుసు. వద్దందామనుకుంది. పెద్దావిడ మొహం చూసి ఊరుకుంది.

లోపల ఉక్క. వంగి మట్టి ఎగదోస్తుంటే నుదుటి చెమట జారి పిలకల మొదట్లో పడింది, పసుప్పచ్చగా. తుడుచుకుంది, చుట్టూ చూసింది, పని చేసుకుపోయింది.

పదకొండో రోజు, మట్టిలో గుచ్చి వేరు పెరిగే చప్పుడు వినిపించే వేరుచెవులు వరసగా మూగబోయాయి. తవ్వి చూస్తే వేళ్లు నల్లబడి జిగురుగా చేతికి ఊడొచ్చాయి. ఆరుబయట వేరుకు మేలు చేసిన మట్టే, కాల్చిన మట్టిలో పెరిగిన వేరుకు చావైంది. కుళ్లు బయటికి పోకూడదని తలుపులు మూసేశారు. లోపలున్న తొమ్మిదిమందీ నలభై రోజులు లోపలే. మట్టి ఎవరు తెచ్చారని అధికారి అడిగితే అందరితోపాటు సత్యవేణీ తల దించుకుంది.

సాయంత్రం మాటపలకలో ఇల్లు కనబడింది. వరహాలమ్మ ఒళ్లో ఏడాదిన్నర జాహ్నవి. వాళ్ల చెట్టుకు ఈ నెలే వేరు మార్చాలి. ఉన్న వేరు నీరసించి రోజుకు రెండు కాయలే పండుతున్నాయి. పిల్ల తండ్రి సముద్రపు గట్టు పనికి పోయి ఏడాదైనా కబురు లేదు.

"మడి పోయిందంట కదే. నా బొట్టేనా?" అంది వరహాలమ్మ.

"కాదత్తా. నీళ్లలో ఏదో తేడా."

"అబద్ధమాడ్డం నీకెప్పుడొచ్చిందే," అని నవ్వింది పెద్దావిడ.

ఆ రోజునుంచి పలకను పిల్ల వైపే తిప్పి పెడుతోంది. తిన్నావా అత్తా అంటే, పొద్దున్నే తిన్నానని గొంతు మాత్రం వినిపిస్తుంది. పిల్ల బుగ్గలు నిండుతున్నాయి. సత్యవేణి కాయలు లెక్కేసుకుంది. రెండు కాయలు ఇద్దరు పంచుకుంటే ఆ బుగ్గలు రావు. తప్పు నాదే, నువ్వు తిను అందామంటే, అది తన బొట్టేనని తేలిపోయి ఆవిడ అసలే తినదు.

నిన్న గొంతు కూడా వినిపించలేదు. జాహ్నవి ఒక్కతే కూర్చుని పండు చీకుతోంది. మధ్యలో పక్కకు తిరిగి, చేతిలోది ఎవరికో అందించింది. ఎవరూ అందుకోలేదు.

ఇంటికో చెట్టు వచ్చాక పక్కింటి గడప తొక్కే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. తలుపులు తెరవడానికి ఇంకా ముప్పై ఒక్క రోజులు. మడి లోపలినుంచి పంపిన ఇది చదివినవాళ్లెవరైనా కాలవగట్టు వైపు వెళ్తే, రెండో వంతెన దాటాక నీలం తలుపు ఇల్లు. ఒక్కసారి తట్టండి. వరహాలమ్మను తిన్నావా అని అడగొద్దు, తిన్నాననే అంటుంది. లోపలికి వెళ్లి చూడండి.