నీలిపిట్టా, పసిడిపిట్టా

పిల్లలూ, ఈ కథ వింటూ మీకు తల తిరిగితే నన్ను తిట్టకండి. ఇందులో రాక్షసుడికే తల తిరిగింది!

గుండ్లసీమ రాజ్యానికి పెద్ద కష్టం వచ్చింది. వేటకు వెళ్లిన రాజు, దారి చూపడానికి వెంట వెళ్లిన ఐలయ్య కోనలోని మడుగు నీళ్లు తాగి రాళ్లైపోయారు. ఐలయ్య చెల్లెలు బీరవ్వ గొర్రెలు కాస్తుంది. అమ్మానాన్నలు లేని ఆ పిల్లకు అన్న ఒక్కడే దిక్కు. గొంగడి భుజాన వేసుకుని, అన్నను బతికించమని అడగడానికి, కోనను ఏలే రాక్షసుడు శిలాముఖుడి గుహకు వెళ్లింది.

గుహలో ఒక నీలిపిట్ట, ఒక పసిడిపిట్ట ఉన్నాయి.

"ఇవి పాడితే రాయికి పానమొస్తది. మహిమ ఏ పిట్టదో చెప్పు, రెండూ నీవే. తప్పు చెప్తే నువ్వూ రాయివే. పొద్దుగూకేదాక ఎవర్నన్న అడుగు, ఏమన్న చెయ్," అన్నాడు రాక్షసుడు.

బీరవ్వ కొండ మీది మునిని అడిగింది. "నీలిపిట్టదే తల్లీ! అది నోరు తెరవగానే రాళ్లు కదలడం కళ్లారా చూశాను," అన్నాడాయన.

వాగులోని ముసలి తాబేలును అడిగింది. "నీలిదా? అయ్యో, అది పాడబట్టే రాళ్లు ఆలస్యంగా లేస్తున్నాయి! మహిమంతా పసిడిపిట్టదే."

బీరవ్వ మళ్లీ ముని దగ్గరికి పరుగెత్తింది. ఆయన గడ్డం గోక్కుని, "తాబేలు అలా అందా? అయితే పసిడిదేనేమో," అన్నాడు. జరిగిందంతా తాబేలుకు చెబితే, "ముని మొదట నీలిదన్నాడా? అయితే నీలిదేనేమో," అంది!

బీరవ్వకు ఏడుపొచ్చింది. తాబేలునే నిలదీసింది. "తాతా, రెండిట్ల ఒక్కటే పాడంగ ఎన్నడన్న చూసినవా?"

"లేదమ్మా. కలిసే మొదలుపెడతాయి, కలిసే ఆపుతాయి."

"మరి మహిమ ఏ పిట్టదో నీకెట్ల తెలిసె?"

తాబేలు తల లోపలికి లాక్కుంది.

బీరవ్వకు తన మంద గుర్తొచ్చింది. రెండు పొట్టేళ్లు జంటగా ముందు నడుస్తుంటే మంద దేని వెంట పోతోందో తెలియదు. ఒకదాన్ని పట్టి ఆపి చూడాలి.

గుహకు వచ్చి పసిడిపిట్ట మీద గొంగడి కప్పింది. చీకటి పడిందనుకుని అది ఊరుకుంది. నీలిపిట్ట ఒక్కటే పాడింది. గుమ్మంలో రాయైపోయి ఉన్న ఒక కప్ప కళ్లు తెరిచింది, కానీ కదలలేదు. ఆ పాట ఆగగానే మళ్లీ రాయైపోయింది. ఈసారి నీలిపిట్టను కప్పింది. పసిడిపిట్ట పాడితే కప్ప కళ్లు మూసుకునే గెంతి రాక్షసుడి మోకాలికి కొట్టుకుంది!

"కండ్లు నీలిపిట్టయి, కాళ్లు పసిడిపిట్టయి. ఒక్కదాని పేరే చెప్పుమంటే చెప్ప!" అంది బీరవ్వ.

రాక్షసుడు కూలబడ్డాడు. "ఔనా? నాకు తెల్వకనే అందర్నీ అడుగుతున్న బిడ్డా!"

"తెల్వకనేనా, తప్పు చెప్పిన్రని రాళ్లను చేస్తివి?"

రాక్షసుడు సిగ్గుతో తల దించుకుని పిట్టలను ఆమె చేతిలో పెట్టాడు.

మడుగు దగ్గర పిట్టలు రెండూ పాడాయి. రాజు లేచాడు. తర్వాత ఐలయ్య కళ్లు తెరిచాడు, కాలు కదిపాడు. "గొర్లను ఎవలకు అప్పజెప్పి వచ్చినవే?" అని గద్దించాడు. బీరవ్వ అన్నను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

రాజు ఆమెను మంత్రిని చేశాడు. కొలువులో ఎవరైనా "ఇదంతా నా ఒక్కడి వల్లే ప్రభూ!" అంటే చాలు, మంత్రిగారి చెయ్యి భుజం మీది గొంగడి దగ్గరికి వెళ్లేది.